మన ఆసుపత్రుల్లో ఎక్స్‌రే రికార్డు: తడి ఫిలిం నుంచి కంప్యూటరు దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసిమ్మని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, పల్నాటివాణ్ణి గనుక బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం మీదనే రాస్తాననుకొని ఉంటారు. ఆ కథ మన సభ్యుల్లో సగంమందికి నాకంటే బాగా తెలుసు. నేను వైద్య ఆరోగ్య శాఖలో 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర రిజిస్టర్ల చరిత్ర. అందులోనూ ఎక్స్‌రే ఫిలింల రిజిస్టరుతో నాకు ఒక పాత లెక్క మిగిలి ఉంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. విసుగనిపిస్తే పాఠకులు పేజీ తిప్పేయవచ్చు, మెమో ఇవ్వను.

ముందు నాలుగు ముక్కలు పుట్టుపూర్వోత్తరాలు. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గులో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు కంటికి కనపడని ఈ కిరణాలను కనుగొన్నాడు. ఏమిటో తెలియనిది కనుక ఎక్స్ అని పేరు పెట్టాడు. నెలన్నర తిరక్కుండానే భార్య చేతిని ఫోటో తీస్తే ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆ పని చేసి ఉంటే మన తాలూకా ఆసుపత్రులకు మిషను వచ్చేసరికి ఇంకెంత కాలం పట్టేదో.

1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోని వాళ్లం గనుక మన ఎక్స్‌రే చరిత్ర కూడా మద్రాసులోనే మొదలవుతుంది. అక్కడి జనరల్ ఆసుపత్రిలో కెప్టెన్ బర్నార్డు పేర రేడియాలజీ సంస్థ 1934లో వెలసింది. ఆ బర్నార్డే మరి ముగ్గురితో కలిసి 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ వ్యాధి గురించి ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. పక్కనున్న నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు వంగిపోయి, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన రైతుల ఎముకల్లో ఏం జరిగిందో వైద్యలోకానికి తెలియజెప్పినవాటిలో ఎక్స్‌రే ఫిలింలది ముఖ్యపాత్ర. మన పల్నాటి మెట్ట పల్లెల్లోనూ ఫ్లోరైడు నీళ్ల బాధ తెలిసినదే కనుక ఈ సంగతి ఇక్కడ రాయక తప్పదు. 1955-58 మధ్య దేశంలో క్షయ ఎంతమందికి ఉందో తేల్చడానికి జరిగిన పెద్ద సర్వేకి కూడా ఎక్స్‌రేలే ఆధారం. అందులో మన మదనపల్లె ఒక కేంద్రం.

ఇక నేనెరిగిన కాలానికి వస్తాను. మా ఆసుపత్రి పేరు, ఊరు రాయను. పల్నాడులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి అనుకోండి చాలు.

ఎక్స్‌రే గది పక్కన చీకటి గది ఉండేది. అందులో ఒక ఎర్ర బల్బు, మూడు తొట్లు. ఒకదానిలో డెవలపరు, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో హైపో. డార్క్‌రూం అసిస్టెంటు క్యాసెట్టులోంచి ఫిలిం తీసి, క్లిప్పులకు తగిలించి, ఒక్కో తొట్టిలో లెక్కపెట్టుకుంటూ ముంచి, కడిగి, తీగ మీద బట్టలారేసినట్టు ఆరేసేవాడు. డెవలపరు చల్లగా, 20 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలని పుస్తకంలో రాసి ఉండేది. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! రెంటచింతల ఎండ ఏటా రేడియో వార్తల్లోకి ఎక్కేది. సోడా కొట్టునుంచి ఐసు గడ్డ తెప్పించి తొట్టి చుట్టూ పేర్చేవాళ్లం. ఐసుకు వోచరు ఏ పద్దు కింద రాయాలని ఆడిట్‌వారు ప్రతి సంవత్సరం అభ్యంతరం పెట్టేవారు. ప్రతి సంవత్సరం నేనే సమాధానం రాసేవాణ్ణి.

ఫిలిం మీద వెండి లవణం పూత ఉంటుంది. వాడేసిన హైపో నీళ్లలో వెండి దిగుతుంది. దాన్ని పారబోయకూడదు, పీపాల్లో నిలవచేసి వేలం వేయాలి. పాత ఫిలింలూ అంతే. వెండి వర్తకులు వచ్చి మూత తీసి, వాసన చూసి, బేరం పెట్టేవారు. రోగి రొమ్ము ఫోటో చివరికి ఎవరి కాలి పట్టీగా మారిందోనని మా హెడ్ క్లర్కు హాస్యమాడేవారు. పసుపు కవర్లలో మిగిలిన ఫిలింలు వానాకాలం చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. విడదీస్తే రెండూ పాడయ్యేవి. కొన్నిటిని ఎలుకలు చూసుకునేవి.

అయినా ఆ ఫిలింలకు ఎంత విలువ ఉండేదో పల్నాటివారికి వేరే చెప్పనక్కరలేదు. కొట్లాట జరిగిందంటే రెండు పక్షాలవారూ కానిస్టేబులు మెమోతో ఆసుపత్రికే వచ్చేవారు. ఎముక విరిగితే తీవ్రగాయం, విరక్కపోతే సామాన్య గాయం. నాటి ఇండియన్ పీనల్ కోడు 320వ సెక్షనులో ఆ మాట స్పష్టంగా ఉండేది. ఒక్క ఫిలిం మీద సెక్షను మారేది, బెయిలు మారేది, ఒక్కోసారి ఊరు ప్రశాంతత మారేది.

1986లో మా రేడియోగ్రాఫరు దీర్ఘసెలవు మీద వెళ్లాడు. మిషను నడపడానికి వారంలో మూడు రోజులు పక్క ఆసుపత్రినుంచి ఒకాయన వచ్చేవాడు. ఫిలిం రిజిస్టరు, కవర్లు నాకు అదనపు బాధ్యతగా అప్పగించారు. ఫిలిం మీద నెంబరు పడటానికి క్యాసెట్టు మూల సీసపు అంకెలు అంటించేవారు. ఆ సెట్టులో 9 ఎప్పుడో పోయింది. 6ను తిరగేసి 9గా వాడుకునేవాళ్లం. కొత్త సెట్టుకు ఇండెంటు పెట్టి ఎనిమిది నెలలైంది.

ఒక సోమవారం, మిరపకోతల రోజులు. వసారా నిండా జనం. ఇద్దరు వచ్చారు. ఇద్దరి పేరూ కోటేశ్వరరావే. కోటప్పకొండ నీడలో పుట్టిన ప్రాంతం మనది, ఇంటికొక కోటేశ్వరరావో, కోటేశ్వరమ్మో ఉంటారు. ఇద్దరి ఇంటిపేరూ కె. అక్షరమే. ఇద్దరికీ ముప్పై ఏళ్లు అటూ ఇటూ. ఇద్దరికీ కుడి ముంజేయి. ఒకడు కొట్లాట కేసు, పోలీసు మెమోతో వచ్చాడు. రెండోవాడు సున్నపుబట్టీ కూలి, లారీ మీదనుంచి పడ్డాడు. రిజిస్టరులో తండ్రి పేరుకు, ఊరికి గడులు ఉన్నాయి. తొందరలో ఆ గడులు ఖాళీగా వదిలేశాను. నెంబర్లు 86, 89.

ఫిలింలు ఆరాయి. తిరగేసిన ఆరు కాస్త ఒరిగి పడింది. ఏది 86, ఏది 89 అన్నది నేను చూసి తేల్చి కవర్లలో పెట్టాను. తారుమారయ్యాయి.

విరగనివాడికి పిండికట్టు వేశారు, తీవ్రగాయమని సర్టిఫికెట్టు వెళ్లింది. విరిగినవాడికి విరగలేదని చెప్పి, వాపుకు గుడ్డ కట్టి, మాత్రలిచ్చి పంపేశారు. మూడు వారాల తర్వాత కట్టు విప్పి మళ్లీ ఫోటో తీస్తే ఎముక అతికిన గుర్తే లేదు. డాక్టరుగారు నన్ను పిలిచి రెండు కవర్లూ తెప్పించి వెలుగు పెట్టె మీద పక్కపక్కన పెట్టారు. నాకు ఏమీ చెప్పలేదు, చూడమన్నారు.

పోలీసులకు సవరణ ఉత్తరం వెళ్లింది. నాకు మెమో వచ్చింది, ఆరు నెలలు ఇంక్రిమెంటు ఆగింది. అది న్యాయమే. కాని ఆ కూలి మనిషిని వెతికి పిలిపించాలంటే రిజిస్టరులో ఊరు లేదు, తండ్రి పేరు లేదు. రెండు ఆదివారాలు పిడుగురాళ్ల బట్టీల చుట్టూ తిరిగాను. కోటేశ్వరరావులు దొరికారు, ఆ కోటేశ్వరరావు దొరకలేదు.

రెండేళ్ల తర్వాత శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల దగ్గర ఒకడు ఎడమ చేత్తో పిల్లవాణ్ణి ఎత్తుకొని నిలబడ్డాడు. కుడిచెయ్యి మణికట్టు పైన వంకర తిరిగి ఉంది. “చేతికి ఏమైంది నాయనా?” అని అడిగాను. “లారీ మీదనుంచి పడ్డానయ్యా. ఆస్పత్రిలో ఇరగలేదన్నారు” అన్నాడు. ఆ గుమాస్తాను నేనేనని చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఇక కంప్యూటరు సంగతి. లండనులో ఇ.ఎం.ఐ. అనే సంస్థ ఉండేది. మన ఘంటసాల రికార్డుల మీద కుక్క బొమ్మ వేసిన హెచ్.ఎం.వి. దాని సంతానమే. అందులో పనిచేసే హౌన్స్‌ఫీల్డు అనే ఇంజనీరు తయారుచేసిన సి.టి. స్కానరుతో 1971 అక్టోబరు 1న మొదటి రోగి తలను ఫోటో తీశారు. 1979లో ఆయనకు, కార్మాక్ అనే మరో శాస్త్రవేత్తకు కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ మొదటి బొమ్మ అడ్డం 80, నిలువు 80, మొత్తం 6,400 చుక్కలు. ఇప్పటి సి.టి. బొమ్మలో మామూలుగా అడ్డం 512, నిలువు 512 ఉంటాయి, అంటే 2,62,144 చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున ఒక్క బొమ్మకు అర ఎం.బి. ఒక మనిషికి ఆరు వందల బొమ్మలు తీస్తే 300 ఎం.బి. మా మనవడు చెబితే కాగితం మీద గుణించి చూసుకున్నాను, సరిపోయింది.

ఇక్కడ ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. సి.టి.లో ప్రతి చుక్కా ఒక అంకె. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి, ఎముకకు వందల్లోనూ ఆపైనా. డాక్టరు తెర మీద ఒకసారి ఊపిరితిత్తికి తగిన వెలుగులో, మరోసారి ఎముకకు తగిన వెలుగులో అదే బొమ్మను చూడగలడు. ఫిలిం మీద అచ్చువేసి ఇస్తే ఆ ఒక్క వెలుగే మిగులుతుంది. ఆ ఫిలింను కిటికీకి ఎదురుగా పెట్టి సెల్‌ఫోనుతో ఫోటో తీసి వాట్సాపులో పంపితే ఆ కాస్తా చిక్కిపోతుంది. మనవాళ్లందరూ చేసే పని ఇదే. నేనూ చేశాను.

మొదట్లో ఒక్కో కంపెనీ మిషను తన బొమ్మలను తనకు తోచిన పద్ధతిలో దాచుకునేది, మరో కంపెనీ మిషనుకు అది చదవరాదు. మన కరణాల గొలుసుకట్టు రాత గుర్తుందా? రాసిన కరణమో, ఆయన కొడుకో తప్ప ఇంకొకరు చదవలేరు. 1984లో కరణాలు పోయాక ఆ లెక్కలు విప్పడానికి రెవెన్యూ మిత్రులు పడ్డ పాట్లు నాకు తెలుసు. ఆ ఇబ్బంది తీర్చాలని అమెరికాలో రేడియాలజీ డాక్టర్ల కళాశాల, మిషన్లు తయారుచేసేవారి సంఘం కలిసి 1983లో ఒక కమిటీ వేసుకున్నాయి. 1985లో మొదటి ప్రమాణం వచ్చింది. 1993లో దానికి డైకాం అని పేరు పెట్టారు. ఇప్పుడు ఏ దేశపు మిషనైనా అదే భాష మాట్లాడుతుంది.

డైకాం ఫైలు అంటే బొమ్మ ఒక్కటే అనుకోకండి. బొమ్మకు ముందు ఒక చిట్టా ఉంటుంది. రోగి పేరు, నెంబరు, పుట్టిన తేదీ, ఏ మిషను, ఏ భాగం, ఏ రోజు, ఎన్ని గంటలకు. ప్రతి బొమ్మకూ ప్రపంచంలో మరి దేనికీ రాని ఒక పొడుగాటి నెంబరు కూడా. బొమ్మ ఎక్కడికి పోయినా చిట్టా వెంటే పోతుంది. సీసపు అంకె ఒరిగే ప్రశ్న లేదు.

ఈ బొమ్మలన్నిటినీ దాచి, వెతికి, డాక్టరు బల్ల మీదికి పంపే ఏర్పాటును ప్యాక్స్ అంటారు. మొదటిసారి ఒక ఆసుపత్రిలో “ప్యాక్స్ పని చెయ్యట్లేదు” అంటే నేను ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం అనుకొని, మళ్లీ ఎరువుల గొడవేమోనని అడిగాను. కౌంటరులో పిల్లలు నవ్వారు.

లోపలికి వెళ్లి చూస్తే అదంతా మనం నడిపిన ఆఫీసే. రోగి రాగానే కౌంటరులో పేరు ఒకసారి ఎక్కిస్తారు, అది ఇన్‌వర్డు రిజిస్టరు. డాక్టరు స్కాను రాస్తే ఆ పేరు తనంతట తానే మిషను దగ్గరి జాబితాలోకి వెళుతుంది, మళ్లీ టైపు చేయనక్కరలేదు, అది తపాలా. తీసిన బొమ్మ సర్వరుకు చేరుతుంది, అది రికార్డు రూము. ఎవరు తెరిచారు, ఎవరు మార్చారు, ఏ నిమిషంలో అన్నది దానంతటదే నమోదవుతుంది, అది తేదీ వేసిన పొడి సంతకం. పాత బొమ్మలు ఎన్నాళ్లు ఉంచాలన్నది మన డిస్పోజలు. 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లో ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డు మూడేళ్లు ఉంచాలనీ, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ రాశారు. మెడికో లీగల్ రికార్డు కేసు తేలేదాకా ముట్టుకోకూడదన్నది మాకు మా పెద్దలు నేర్పిన మాట. ఐసు గడ్డ కూడా పోలేదు. సర్వరు గదికి రాత్రింబవళ్లు ఏ.సి. నడవాలి, కరెంటు పోతే బ్యాటరీలు ఆదుకోవాలి. ఒకే చోట ఉంచిన రికార్డు లేనట్టే గనుక ఇంకో చోట నకలు ఉండాలి.

నకలు ఎందుకంటే, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లను దొంగలు తాళాలు వేసి బిగించేశారు. అంతటి ఆసుపత్రిలో సుమారు రెండు వారాలు చీటీలు చేతిరాతతో నడిచాయి. అంతకు ముందు 2019లో జర్మనీ భద్రతా సంస్థ ఒకటి 52 దేశాల్లో 590 దాకా ఇలాంటి బొమ్మల సర్వర్లు తలుపులు బార్లా తెరిచినట్టు ఇంటర్నెట్టులో ఉన్నాయని బయటపెట్టింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. బీరువా తాళంచెవి బీరువాకే వదిలేసి భోజనానికి వెళ్లే గుమాస్తాలు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

మన తెలుగునాట ఈ పద్ధతి ఎప్పుడు కాలు పెట్టిందంటే, 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలోవారు నెలకొల్పిన టెలీమెడిసిన్ కేంద్రాన్ని చెప్పాలి. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారని పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. పల్లెలో తీసిన ఎక్స్‌రేను ఉపగ్రహం ద్వారా పట్నంలో చదవటం ఆనాటికి వింత. జనానికి అలవాటు చేసింది మాత్రం ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై 2008లో రాష్ట్రమంతా వచ్చింది. ఆపరేషనుకు అనుమతి కావాలంటే ఎక్స్‌రే, స్కాను కంప్యూటరులోకి ఎక్కించాలి. చిన్న నర్సింగ్ హోములు కూడా పేదవాడి బొమ్మను కంప్యూటరులో పెట్టటం అప్పుడు నేర్చుకున్నాయి. 1972 నాటి వైద్య నిబంధనల కింద బిల్లులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు జతచేసి రీయింబర్సుమెంటుకు ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనకు 2013 చివర హెల్త్ కార్డులు వచ్చినప్పుడు కూడా ఇదే దారి. 2021 సెప్టెంబరులో కేంద్రం దేశమంతటా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రారంభించి 14 అంకెల ఆభా నెంబరు ఇస్తోంది. తీసుకోవడం మన ఇష్టం. తీసుకోమనే నా సలహా. ఎందుకో కింద రాస్తాను.

2023 వేసవిలో మా ఇంటావిడకు దగ్గు పట్టుకొని వదల్లేదు. ఒక ఆసుపత్రిలో ఛాతీ సి.టి. తీయించాను. కౌంటరులో అమ్మాయి, “మామ్మగారూ, పుట్టిన తేదీ?” అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆధార్లో జనవరి 1 అని ఉంది. మన వయసువాళ్లలో చాలామందికి జనవరి ఒకటో, జులై ఒకటో. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వేసిన తేదీలు, ఆధార్ తీసినప్పుడు కుర్రవాళ్లు వేసిన తేదీలు. పేరా, కోటేశ్వరమ్మ.

సాయంత్రం డాక్టరుగారు తెర చూసి సంతోషంగా, “బాగుందండీ, 2021 స్కానులో ఊపిరితిత్తిలో ఉన్న మచ్చ ఇప్పుడు లేదు” అన్నారు. మా ఆవిడ కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. నేను కూర్చునే ఉన్నాను.

“అయ్యా, 2021లో మేము ఏ స్కానూ తీయించలేదండి” అన్నాను.

ఆయన మళ్లీ చూశారు. అదే పేరు, అదే జనవరి 1, అదే సంవత్సరం. “మరిచిపోయారేమో” అన్నారు. భార్య స్కాను నేను మరిచిపోవచ్చు, వోచరు మరిచిపోను. ఆ మాటే అన్నాను. ఆయన మంచివాడు, రికార్డు విభాగానికి పంపారు.

అక్కడ ఒక కుర్రవాడు, మా మనవడి ఈడు. తెర మీద నాకు చూపించాడు. ఇద్దరు కోటేశ్వరమ్మలను ఎవరో రెండు నెలల క్రితం, పేరూ తేదీ కలిశాయని, ఒకే మనిషిగా కలిపేశారు. ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అన్నది అక్కడే ఉంది. విడదీయడానికి అరగంట పట్టింది. రిపోర్టు సవరించి ఇచ్చారు. మా ఆవిడ ఊపిరితిత్తుల్లో అంతకుముందూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు.

కుర్రవాడు, “అయిపోయిందండి తాతగారూ, మీరు వెళ్లవచ్చు” అన్నాడు.

“మచ్చ ఎవరిదయ్యా?” అని అడిగాను.

అతను నా వైపు చూసి, మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆవిడ 2021 తర్వాత రాలేదు. ఆర్నెల్లలో మళ్లీ రమ్మని ఆనాటి రిపోర్టులో రాసి ఉంది. ఫోను నెంబరు ఉంది. చేయమన్నాను. నియమాల ప్రకారం పైవారిని అడగాలన్నాడు. అడిగి వచ్చేదాకా అక్కడే కూర్చుంటానన్నాను. మా ఆవిడ “ఏమండీ, బస్సు పోతుంది” అంది. ఇంకో బస్సు ఉందన్నాను.

పైవారు చేయమన్నారు. మూడు సార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఎవరో ఎత్తారు, కొడుకట. అమ్మ ఉందన్నాడు, ఈ మధ్య నీరసంగా ఉంటోందన్నాడు. రేపు తీసుకొస్తానన్నాడు. కుర్రవాడు ఫోను పెట్టేయబోతుంటే, “ఊరు ఏదో అడుగు నాయనా, తండ్రి పేరు కూడా” అన్నాను. తెర మీద ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్నాయి.

అడిగాడు. కారంపూడి దగ్గర ఒక పల్లె పేరు చెప్పారు. రెండు గడులూ నింపాడు.